గజ ఈతగాడు దానియేలు

దానియేలుకు ఈత రాదు. ఈ సంగతి అతనికీ, భార్య బాలమణికీ తప్ప ఊళ్లో మూడో మనిషికి తెలియదు. వలసపోయి ఎన్నో ప్రాజెక్టుల కట్టల మీద మట్టి మోసినవాడే. కాని నీళ్లు నిండేనాటికి ప్రతిచోటా పని అయిపోయి ఇంటిదారి పట్టినవాడు. ఊళ్లో చెప్పేటప్పుడు మాత్రం మట్టిని కాస్త తగ్గించి, నీళ్లను కాస్త పెంచేవాడు.

గొప్పలకు పోతే తిప్పలు తప్పవు. వానలకు ముందు వరద కమిటీ వేస్తూ, గజ ఈతగాళ్లెవరని పంచాయతీ కార్యదర్శి సౌందర్య అడిగితే ఊరంతా అతని వైపే చూసింది. ఆమె అందించిన నారింజ రంగు లైఫ్ జాకెట్ చూశాక కాదనడానికి అతనికీ నోరు రాలేదు. నెల రోజులు అది తొడుక్కునే కల్లు దుకాణానికీ, చర్చికీ తిరిగాడు.

ఆగస్టులో ముసురు పట్టి, ఉప్పునుంతల దారిలోని వాగు కాజ్‌వే మీదికెక్కింది. ఎవరైనా కొట్టుకుపోతే దూకాల్సింది నువ్వేనని సౌందర్య ఫోన్ చేసి చెప్పింది. దానియేలు ఫోన్ పెట్టేసి బాలమణి వైపు చూశాడు.

"ఎవలన్న వడితేనే గద నువ్వు దుంకేది," అంది బాలమణి. "వడనియ్యకు."

అతను దారికి అడ్డంగా తుమ్మకంప కొట్టి, దాని ముందు మంచం వేసుకుని మూడు రోజులు కదల్లేదు. పెళ్లివాళ్ల ఆటోను వెనక్కి పంపాడు. మోకాలి లోతే కదా అన్నవాళ్ల కాళ్లు పట్టుకున్నాడు. రైతు బాలస్వామి కొత్త ట్రాక్టరేసుకొచ్చి కంప తొక్కించబోతే, టైర్ల ముందు పొడుగునా పడుకున్నాడు.

"నీకేమన్నయితే నేను దుంకాలె అన్నా. నాకు పెండ్లాం పిల్లలున్నరు," అని ఏడ్చాడు.

గజ ఈతగాడే ఇట్లా ఏడుస్తుంటే వాగు ఎంత ఘోరంగా ఉందోనని బాలస్వామి జంకి ట్రాక్టర్ ఆపేశాడు. కాసేపటికి వాళ్లిద్దరి కళ్ల ముందే కాజ్‌వే నడిమి ముక్క తెగి కొట్టుకుపోయింది. బాలస్వామి మంచం అంచున కూలబడ్డాడు.

ఎండ కాశాక పంచాయతీ ముందు సభ పెట్టారు. సౌందర్య శాలువా కప్పి, ఫొటో కోసం వాగులో ఒక్కసారి ఈది చూపించమంది. జనం చప్పట్లు కొట్టారు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానియేలు జాకెట్ విప్పి బల్ల మీద పెట్టాడు.

"నాకు ఈత రాదు మేడం."

ముందుగా లేచింది బాలస్వామే. జాకెట్ తీసి మళ్లీ దానియేలుకే తొడిగి, పట్టీలు బిగించాడు.

"వచ్చే ఏడు గూడ గీయన్నే పెట్టుండ్రి," అన్నాడు. "ఈతొచ్చినోడైతే నన్ను పోనిచ్చేటోడు."