కెజియా పాడిన బ్రెజిల్ పాట

నెల్లూరులో స్నేహితురాలు షాహీన్ వాళ్ళ రాక్ బ్యాండులో పాడటానికి కెజియాకు పిలుపొచ్చింది. పిలుపొస్తే సరిపోతుందా, నాయన లాజరస్ ఒప్పుకోవద్దూ! రొయ్యల గుంటకు తెగులొచ్చినా నిబ్బరంగా ఉండే మనిషి, కూతురు స్టేజీ ఎక్కుతానంటే బెదిరిపోయాడు. "ముందు మన మందిరంలో వణక్కుండా ఒక్క పాట పాడు మే. తర్వాత చూద్దాం," అని తేల్చేశాడు.

ఆ నెలంతా ఆ పిల్ల చెవుల్లో ఒకటే ఆల్బమ్. బ్రెజిల్ కుర్రాళ్ళు పోర్చుగీసులో పాడింది. పేరుకే రాక్, కేకలు తక్కువ. పాడేవాడు తనను తానే కూర్చోబెట్టుకుని, ఎవరికి భయపడుతున్నావు, ఎందుకు దాక్కున్నావు అని నిలదీస్తుంటాడు. ఫోన్లో అర్థాలు చదువుకుని, "వీడికి నా సంగతి ఎవరు చెప్పారబ్బా!" అని కెజియా మురిసిపోయింది. గుంట గట్టు మీద పాడింది, అంట్లు తోముతూ పాడింది. మాటలన్నీ నోటికొచ్చేశాయి.

ఆదివారం రానే వచ్చింది. వాళ్ళ ఊరు మైపాడు మందిరంలో చాపలన్నీ నిండాయి. పాస్టరు హెబ్రోను గారు ప్రత్యేక పాటకు పిలిచారు. కెజియా నెత్తిన చున్నీ సర్దుకుని మైకు పట్టుకుంది. అంతే, ఈ రోజు కోసమని నేర్చుకున్న తెలుగు కీర్తనలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు! ముందు వరసలో నాయన గుడ్లప్పగించి చూస్తున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. వచ్చింది పోర్చుగీసు.

ఇంకేముంది! "స్తోత్రం! బిడ్డకు అన్యభాషలు వచ్చినయ్యి!" అని కేకేసింది రెబెక్కమ్మ అనే పెద్దావిడ. దేవుడి ఆత్మే పలికిస్తోందని మందిరమంతా చేతులు పైకెత్తింది. తబలా అందుకుంది. ఆపుదామన్నా ఆపనిస్తేనా? నిజం చెప్పొద్దూ, కెజియాకు ఆపాలనీ లేదు. వణుకు ఎటు పోయిందో పోయింది. చివరిదాకా పాడేసింది.

పాస్టరు గారు పద్ధతి గల మనిషి. అన్యభాష పలికితే అర్థం చెప్పేవాళ్ళుండాలంటారు. "ఎవరికైనా అర్థం బయలుపడిందా?" అని అడిగారు.

లేచిందెవరనుకున్నారు? లాజరస్! కళ్ళ వెంట ధారలు. "నాకు తెలిసింది అయ్యగారూ. 'ఎందుకు భయపడతా ఉండావు లాజరస్? బిడ్డను పాడుకోనీ' అంటా ఉండాడు ప్రభువు. పంపిస్తా, నెల్లూరికి పంపిస్తా!"

కెజియా గుండె గంతేసింది, ఆ వెంటనే గతుక్కుమంది. కావలసింది చేతికొచ్చింది, కానీ పొరపాటున వచ్చింది. దేవుడి పేరు మీద నాయన్ని మోసం చేస్తుందా? చెయ్యలేకపోయింది. "నాయినా, అది అన్యభాష కాదు. బ్రెజిల్ వాళ్ళ రాక్ పాట. కీర్తన మర్చిపోయా," అంది మైకులోనే.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చాప నుంచి చాపకు పాకింది, పాస్టరు గారు కూడా బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. లాజరస్ చెవులు కందిపోయాయి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటాడేమోనని కెజియా ఊపిరి బిగబట్టింది.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎవురి పాటైతే ఏంది మే? భయపడింది నేనే గదా," అన్నాడు. "ప్రాక్టీసు ఎప్పుడో కనుక్కో. బండి మీద నేనే దించొస్తా."