ఆపే ముందు ఒక చుట్టు

వడకట్టిన నూనెను ట్యాంకులోకి వంచుతూనే ఆయన ఒక కాలితో నేలను తడుతున్నాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడడం ఆయన వల్ల కాని పని. కూర్చుని తినమంటే కంచం చేత్తో పట్టుకుని గుమ్మం దాకా పోయివస్తూ తినే మనిషి. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టారని దెప్పీ దెప్పీ భార్యకే విసుగొచ్చింది.

ఆయన పని హోటళ్లకు ఉతికిన దుప్పట్లు చేరవేసి మాసినవి తెచ్చుకోవడం. దుప్పట్లు ఇచ్చిన గుమ్మంలోనే, వంటవాళ్లు పారబోయాల్సిన నూనెను డబ్బాల్లో అందుకుంటాడు. బండి నడిచేది దాంతోనే. అది వెళ్లిన వీధిలో కాసేపు ఎవరో ఏదో వేయిస్తున్న వాసన మిగిలిపోతుంది. అందరూ ఆయన్ని వెనకాల నూనెబండాయన అంటారు, ఎదురుపడితే బాబాయ్ అంటారు.

ఆ బండికో చాదస్తం ఉంది. దానికి రెండు ట్యాంకులు, చిన్నదాంట్లో డీజిల్, పెద్దదాంట్లో నూనె. చల్లటి ఇంజన్‌ను డీజిల్‌తో లేపి, వేడెక్కాక స్టీరింగ్ కింద ఉన్న స్విచ్‌ను కుడివైపు వంచితే నూనె అందుకుంటుంది. ఆపే ముందు మళ్లీ ఎడమకు వంచి, కాసేపు డీజిల్ మీద నడిపి, పైపుల్లో మిగిలిన నూనెను వదిలించాలి. అలా చేయకుండా ఆపితే నూనె లోపలే చల్లారి చిక్కబడుతుంది, పొద్దున్న బండి లేవమన్నా లేవదు. అందుకే ఆయన ఎక్కడా ఉన్నపళంగా ఆగలేడు. సాయంత్రం బండి ఇంటి ముందుకొచ్చి, ఆగకుండా వెళ్లిపోయి, వెనక వీధులన్నీ ఒక చుట్టు చుట్టి, అప్పుడు వచ్చి ఆగుతుంది. మొదటిసారి చప్పుడు వినపడగానే భార్య స్నానానికి నీళ్లు తోడుతుంది. రెండోసారికి కంచం కడుగుతుంది.

కూతురు పసిపిల్లను తీసుకుని వచ్చినప్పటి నుంచి ఆ చుట్టే ఇంట్లో తగువైంది. బండి దగ్గుతూ రెండుసార్లు వచ్చేసరికి కిటికీ అద్దాలు అదురుతాయి, పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తుంది. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి అమ్మమ్మ భుజం మీద నిద్రపోతుంది. ఇంతవరకు మనవరాలిని ఆయన ఎత్తుకోలేదు. తనను చూస్తే దానికి భయమని పైకి నవ్వేవాడు గానీ, ఆ మాట ఆయనకే ముల్లులా గుచ్చుకునేది. తెల్లవారితే కూతురు ప్రయాణం.

"ఇవాళ ఒక్కరోజు ఆ చుట్టు మానండి. తిన్నగా వచ్చి ఆపేయండి. పిల్ల మెలకువగా ఉంటుంది, ఎత్తుకుందురుగాని," అంది భార్య, బండి పక్కకొచ్చి.

"ఆపితే రేపు బండిని నువ్వు తోస్తావా?"

"తోస్తాను."

ఆయన ఖాళీ డబ్బా పక్కన పెట్టాడు. చేతులు సబ్బుతో రుద్ది, వాసన చూసుకుని, మళ్లీ రుద్దాడు.

చీకటి పడకముందే ఇల్లు చేరాలని అనుకున్నాడు. అనుకున్న రోజే అన్నీ అడ్డం పడతాయి. వంతెన ఎక్కుతుంటే బండి ఒక్కసారిగా నీరసించింది. ఎంత తొక్కినా ముందుకు రాదు. పక్కకు తీసి ఫిల్టర్ విప్పితే, లోపల నల్లటి నలకలు, అడుగున నీళ్లు. కొత్త వంటమనిషి నూనెతో పాటు గిన్నెలు కడిగిన నీళ్లు కూడా పోసిచ్చాడు. తొందరలో తానూ దాన్ని తేరనివ్వకుండా వడకట్టేశాడు. వంటమనిషిని తిడదామనుకుని తననే తిట్టుకున్నాడు. కొత్త ఫిల్టర్ బిగించేసరికి ఇంకోచోట రబ్బరు పైపు ఉబ్బి పగిలి, బొట్లు బొట్లుగా కారుతోంది.

బండిని ఎలాగో మెకానిక్ దగ్గరికి ఈడ్చుకుపోయాడు. మెకానిక్ పాత పాటే మొదలుపెట్టాడు. ఈ నూనెకు రబ్బరు ఆగదని, నాజిళ్ల నిండా మసి పేరుకుందని, పంపు ఇంకెన్నాళ్లో రాదని, డీజిల్‌కు మారిపొమ్మని. ఆయన ఊకొడుతూ స్టూలు మీద కూర్చున్నాడు, లేచాడు, షెడ్డు చివరిదాకా వెళ్లొచ్చాడు. ఎడమ భుజం లాగేస్తోంది. స్పానరు పట్టిన నొప్పేలే అనుకున్నాడు. గాలి చల్లగా ఉన్నా చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"అన్నా, ఒంట్లో బాగాలేదా? కాసేపు నడుం వాల్చు," అన్నాడు మెకానిక్.

"వద్దురా. మళ్లీ పిల్ల నిద్రపోతుంది."

కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా సబ్బు పెట్టి కడిగాడు. చివరి హోటలు దుప్పట్లు రేపు ఇస్తానని ఫోన్ చేశాడు. ఇన్నేళ్లలో ఎవరి పనీ ఆయన రేపటికి వాయిదా వేయలేదు. దారిలో ప్రతి ఎర్రలైటు దగ్గరా వేళ్లు స్టీరింగ్ మీద దరువేస్తూనే ఉన్నాయి.

మసక చీకటిలో బండి తన వీధిలోకి తిరిగింది. కిటికీలో కూతురు నిలబడి ఉంది. ఆమె భుజం మీద నుంచి పసిపిల్ల కళ్లు ఇంత చేసుకుని వీధిదీపాన్ని చూస్తోంది. అలవాటుగా ఆయన చెయ్యి స్విచ్ మీదికి పోయింది. అప్పుడే నొప్పి పక్కటెముకల కింద నుంచి దవడ దాకా పాకింది. ఒక్క చుట్టు. అంతలో ఆ కళ్లు మూతపడవచ్చు, లేదా బెదిరిపోవచ్చు. రేపు తోస్తుందిగా, అనుకున్నాడు. స్విచ్ వదిలేసి, తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది. వీధి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఆ నిశ్శబ్దం ఆయనకు నచ్చింది.

లోపల భార్య ఇంకా నీళ్లు తోడనేలేదు. బకెట్ పట్టుకుని అలాగే నిలబడి, రెండోసారి చప్పుడు కోసం చెవి ఒగ్గి, అది ఇక రాదని తెలిసి నవ్వేసింది.

"చూశావా, ఇన్నేళ్లకు మీ నాన్న నా మాట విన్నారు," అంది కూతురితో.

పిల్ల ఏడవలేదు. కూతురు దాన్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. బండి తలుపు తెరుచుకుంటుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఎంతకీ తెరుచుకోకపోతే భార్యే వెళ్లి తెరిచింది. ఆయన సీటుకు ఆనుకుని, ముఖం కిటికీ వైపు తిప్పి, కదలకుండా కూర్చుని ఉన్నాడు. అంత నిమ్మళంగా ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పిలిచింది, కుదిపింది, చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది. ఆ చేతికి నూనె వాసన లేదు, సబ్బు వాసన ఉంది. అప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు.

పొద్దున్నకు జనం వచ్చారు. గుమ్మానికి అడ్డంగా ఉన్న బండిని జరపాల్సి వచ్చింది. మెకానిక్ ఎక్కి ఎన్నిసార్లు తాళం తిప్పినా అది మూలిగిందే గానీ లేవలేదు.

"నూనె చిక్కబడిపోయింది వదినా. తోయాల్సిందే. నువ్వు లోపలికెళ్లు, మేం చూసుకుంటాం."

"నేను తోస్తానన్నాను," అని ఆమె బండి వెనక్కి వెళ్లి, రెండు చేతులూ ఆనించింది. ఇంకెవరూ వద్దనలేదు. పక్కన నలుగురు భుజం వేశారు. బండి చప్పుడు లేకుండా కదిలింది.

లోపల స్టీరింగ్ పట్టుకున్న మెకానిక్ స్విచ్‌ను డీజిల్ వైపు వంచబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన బొటనవేలు తగిలి తగిలి అరిగి నునుపెక్కిన ఆ స్విచ్ ఇంకా నూనె వైపే వంగి ఉంది.