గోరంచున పెచ్చు

వాన పడేదేమీ లేదు, పడేదైతే రాత్రే పడేది, ఊరికే బెదిరిస్తోంది, తెల్లారేసరికి ఆకాశమంతా రెండో కోటు పడని గోడలా అక్కడో మరక ఇక్కడో మరక, ఇలాంటి రోజున బయటి గోడల జోలికి పోకూడదు అనుకున్నాడు రంగులేసేవాడు, అంతలోనే ఈ రోజు పనికి పోవడం లేదని, భార్య వెనకే వస్తుంటే కూతురి చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కుతున్నానని గుర్తొచ్చింది, ఆ చిన్న వేళ్ళను చూడకూడదనుకుంటూనే చూశాడు, గోరంచున చర్మం లేచి ఉంది, పల్చగా, పొరలు పొరలుగా, పెచ్చు ఊడటమంటే ఏమిటో తనకొకరు చెప్పాలా, లోపల నిమ్ము ఉంటేనే పైన ఊడుతుంది, ఎన్ని పూతలు పూసినా లోపలి నిమ్ము ఊరుకోదు, పిల్లలో ఇంకా ఏదో ఉండిపోయింది, నాన్నా నా చెయ్యి పిండేస్తున్నావ్ అంది పిడుగు, ఇంట్లో దాన్ని అందరూ పిలిచేది అలాగే, పట్టు వదులు చేశాడు, చెయ్యి వదల్లేదు.

మొదట వచ్చింది జలుబే కదా, ఇంటిల్లిపాదికీ వచ్చింది, వైరస్ అన్నారు, పోయింది, పిడుగు రెండు రోజులు ముక్కు చీది మళ్ళీ గెంతులేసింది, నెల తిరిగేసరికి పెనంలా కాలే ఒళ్ళు, చింతనిప్పుల్లా కళ్ళు, పగిలిన పెదాలు, దద్దుర్లు, కడుపునొప్పని మెలికలు, ఇక్కడికి తెస్తే డాక్టరమ్మ గుండె వాచిందంది, వాపంటే మోకాలికి వస్తుంది, దెబ్బ తగిలిన చెంపకు వస్తుంది, ఎనిమిదేళ్ళ పిల్ల గుండెకు వాపేమిటి, వైరస్ ఎప్పుడో పోయింది, దాన్ని తరమడానికి లేచిన ఒంటి కాపలాయే శాంతించక సొంత ఒంటి మీద పడింది అని ఆవిడ విడమరిచి చెబుతుంటే, పక్కనున్న అత్తగారు, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారే, మా కుక్క మొరిగి ఊరుకోలేదమ్మా, ఇంట్లోవాళ్ళనే కరిచింది అంది, ఆ గదిలో నవ్వింది డాక్టరమ్మ ఒక్కతే, తర్వాత నరంలోకి సీసాలకు సీసాలు మందు ఎక్కించారు, జ్వరం దిగింది, ఇంటికి పంపారు, మళ్ళీ గుండె స్కాన్ చేస్తేగాని గట్టిగా చెప్పలేమన్నారు, ఆ మాట మేకులా దిగి అలాగే ఉండిపోయింది, పెచ్చులు లేచింది మొన్ననే, భార్యకు చూపించలేదు, చూపిస్తే నిజమైపోతుందని.

బల్ల మీద పడుకోబెట్టి ఛాతీకి చల్లటి జిగురు రాశారు, నువ్వు గోడకు పట్టించే లప్పంలా ఉంది నాన్నా అంది పిడుగు, తెర మీద బూడిదరంగులో ఏదో మూసుకుంటోంది, తెరుచుకుంటోంది, ఇంతదానికేనా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టింది, భార్య మాత్రం తెర వైపు చూడటం లేదు, డాక్టరమ్మ మొహమే చూస్తోంది, అదే తెలివైన పని, తెర మనకు చదవరాదు, మొహమైతే చదవొచ్చు.

బాగుంది అంది డాక్టరమ్మ, వాపు లేదు, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు పరుగులు మాన్పించండి చాలు, పిడుగుని పరిగెత్తొద్దనడం నాతో అయ్యే పనేనా అంటూనే భార్య ఏడ్చేసింది, అతను మాత్రం పిల్ల చేతిని ముందుకు చాపాడు, మరి ఇదో అన్నాడు, పొద్దుట్నుంచి అతను పలికిన మొదటి మాట అదే, లోపల నిమ్ము లేకపోతే ఎందుకు ఊడుతుందమ్మా, భార్య ఏడుపు ఆపి అతని వైపు చూసింది, డాక్టరమ్మ ఆ వేలును లైటు కిందికి తెచ్చి, ఈ జబ్బు తగ్గాక కొందరు పిల్లలకు ఇలా ఊడుతుంది, కింద చూడండి, కొత్త చర్మం వచ్చేసింది అని, అతని గోళ్ళలో ఇరుక్కున్న రంగు చూసి, మీ గోడలకు అలా దానంతటదే వస్తుందా అంది, రాదు, ఇన్నేళ్ళలో తనకు తాను పూత వేసుకున్న గోడను అతను చూడలేదు, చూసుంటే ఎప్పుడో అడుక్కుతినేవాడు, ఆ మాట పైకే అనేశాడు కాబోలు, ఈసారి ముగ్గురూ నవ్వారు.

బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నారు, భార్య సంచిలోంచి రొట్టె తీసి విరిచింది, ఉడికిన గుడ్లు తీసింది, నాకెందుకు చెప్పలేదని ఇప్పుడు అంటుంది అనుకున్నాడు, అనలేదు, గుడ్డుకు ఉప్పద్ది అతని చేతిలో పెట్టింది, పిడుగు రెండు బుగ్గలూ నింపుకుంది, బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది, ఎవరూ లేవలేదు, నాలుకకు ఉప్పు తగిలింది, రొట్టె అంచు కాస్త మాడింది, ఆ మాడు రుచి కూడా తెలుస్తోంది, ఇన్నాళ్ళూ పెట్టింది తిన్నాడే గాని తిన్నదేమిటో తెలియలేదు, కడుపులో ఏదో మెలిపెడుతుంటే భయమే అనుకున్నాడు, అలవాటు కొద్దీ, ఇంకో ముక్క విరుచుకున్నాక తెలిసింది, ఆకలేస్తోంది.