ఓర్లీన్ తుపాకి చప్పుడు

డెల్మర్ తుపాకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. దాని మూతికి బిగించిన ఉక్కు బ్రేక్ నా చేత్తో చేసిందే.

"ఈ బ్రేక్ పీకెయ్యాలి బావా."

"ఎందుకు?"

"పీకెయ్యాలి, అంతే."

డెల్మర్ నా భార్య ఓర్లీన్‌కి తమ్ముడు. ఓర్లీన్‌ని పాతిపెట్టాక నా రిపేరు కొట్టులో అడుగుపెట్టడం అదే మొదలు. నేను రమ్మనలేదు.

తుపాకి వాళ్ల నాన్నది. పిల్లలిద్దరిలో గురి ఓర్లీన్‌దే కాబట్టి ఆమెకిచ్చి పోయాడు. ఆమె పొట్టి మనిషి. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో పొదల మధ్య దూరాలంటే పొడుగు గొట్టం చిక్కుకుంటుంది. పెళ్లయిన ఏడాదే దాన్ని కోసి కురచ చేశాను. కురచ గొట్టాన్ని చట్టం ఒప్పుకోదు. మూతికి ఇంకో ముక్క ఎప్పటికీ ఊడకుండా బిగిస్తే దాని పొడవూ లెక్కలోకి వస్తుంది. అందుకని పక్కల చీలికలున్న బ్రేక్ ఒకటి చేసి, మరలో తిప్పి, అడ్డంగా మేకు దింపి, దాని మీద వెల్డింగ్ పెట్టాను. పేలినప్పుడు గాలి ఆ చీలికల్లోంచి పక్కలకి చిమ్ముతుంది. భుజానికి తన్ను తగ్గుతుంది. చప్పుడు మాత్రం రెండింతలు.

మా లోయలో ఎవరు కాల్చారో చెవులతోనే చెబుతారు. ఆ చప్పుడు వింటే "ఓర్లీన్ కొట్టింది" అనేవాళ్లు. వాగు అవతలి ముసలావిడ ఐసీ వెంటనే ఎనామిల్ గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. ఏ జింక పడినా కార్జం ఆమెకే.

ఓర్లీన్ పోయింది నవంబర్లో, ఊరంతా వేటకెళ్లే జింకల వారంలో. ఆ వారం బడులుండవు. మగవాళ్లెవరూ ఇళ్లలో ఉండరు. ఊపిరితిత్తుల్లో పుండుతో ఉన్న మనిషి తమ్ముణ్ణి చూడాలంది. కొండ మీదికి కబురు పంపాను. "ఈ పూట అవనీ, వస్తా" అన్నాడట డెల్మర్. ట్రక్కు వెనక కొమ్ముల జింకను వేసుకుని వచ్చాడు. అప్పటికే ఆమె ముఖం మీదికి దుప్పటి లాగేశాను. పాతిపెట్టాక తుపాకి పట్టుకుపోయాడు. వాళ్ల నాన్నది కదా, అడ్డం చెప్పలేదు. మాట్లాడటం మానేశాను.

"నాకు ఖాళీ లేదు," అన్నాను.

"బల్ల మీద ఏమీ లేదుగా."

"నీ పనికి ఖాళీ లేదన్నాను."

"అయితే టౌన్లో వర్జిల్ దగ్గరికి తీసుకెళ్తా. రంపం పెట్టి కోసి పారేస్తానన్నాడు."

"వాడికి తలుపు గడియ బిగించడమే రాదు."

"తెలుసు. అందుకే నీ కాళ్ల దగ్గరికొచ్చా."

"చప్పుడు ఎక్కువైందా నీకు? చెవుల్లో దూది పెట్టుకో."

డెల్మర్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.

"కిందటేడు కొండ మీద ఒకటి కొట్టా బావా. కిందికి దిగేసరికి ఐసీ పెద్దమ్మ గేటు దగ్గరుంది. గిన్నె పట్టుకుని. మతి నిలవట్లేదుగా ఆవిడకి. నన్ను చూసి, 'అక్కేదిరా? వెనకొస్తోందా?' అంది."

"నువ్వేమన్నావు?"

"వస్తోందన్నా. ఇంకేమనాలి? కార్జం గిన్నెలో వేసి వచ్చేశా. చీకటి పడేదాకా అక్కడే నిలబడిందట. మళ్లీ ఆ చప్పుడు నేను చెయ్యలేను."

ఆ చప్పుడు నేనూ విన్నాను. వాకిట్లో కట్టెలు పేరుస్తున్నాను. చేతిలో కట్టె చేతిలోనే ఉండిపోయింది. నాకు మతి బాగానే ఉంది. అయినా కొండవైపు చూస్తూ నిలబడ్డాను. ఈ సంగతి డెల్మర్‌కి చెప్పలేదు. వాడికెందుకు?

బ్రేక్ తీస్తే ఓర్లీన్ చప్పుడు ఈ లోయలో ఇంక ఉండదు. ఉంచితే ముసలామె ఏటా గేటు దగ్గర నిలబడుతుంది. తుపాకిని బిగింపులో పెట్టాను.

"ఆగు బావా," అన్నాడు డెల్మర్. "పెద్దమ్మని ఇవాళ కూతురు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇంట్లో లేదు. చూసే వచ్చా. తీసేముందు వెనక మట్టిదిబ్బలోకి ఒక్కసారి పేల్చనా? నీకు వినాలని లేదూ?"

"నీ చేత్తోనా?"

"పోనీ నువ్వే పేల్చు."

"మీ అక్క పిలిస్తే వినని చెవులు నీవి. వాటికిప్పుడు ఇదొకటా?"

వాడి ముఖం ఎర్రబడింది. కిటికీ వైపు తిరిగాడు.

"నువ్వు మారవు బావా."

"మారను."

వెల్డింగ్ మచ్చను అరగదీశాను. మేకును తొలిచేశాను. వేడి పెట్టి తిప్పితే బ్రేక్ కదల్లేదు. బిగించిన రోజున ఇది ఊడాలని బిగించలేదు. చివరికి మర చెడకుండా నిలువునా చీల్చాల్సి వచ్చింది. కింద ఉక్కు తళతళలాడుతోంది. పెళ్లయిన ఏటి నుంచి దానికి వెలుగు తగల్లేదు. నూనెగుడ్డతో తుడిచి, చీలికలు లేని గొట్టం ముక్క ఒకటి అక్కడే బిగించి, మేకు దింపి వెల్డింగ్ చేశాను. కురచ తుపాకి నా కొట్టు గడప దాటదు.

"ఆ ముక్కలు?" అన్నాడు డెల్మర్.

"నావి."

తుపాకి తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు దగ్గర అడుగులు ఆగాయి. నేను చూడలేదు.

జింకల వారం వచ్చింది. తెల్లవారగానే పేలుళ్లు మొదలయ్యాయి. కొండ మీంచి కొన్ని, వాగు మలుపు నుంచి కొన్ని. వాటిలో ఏదో ఒకటి డెల్మర్‌ది అయి ఉంటుంది. ఏదో తెలియలేదు. అన్నీ ఒకటే చప్పుడు.

వాగు అవతల ఐసీ తలుపు తెరుచుకోలేదు. అందుకే కదా తీశాను. అయినా అరుగు మీద కూర్చుని, కాఫీ చల్లారిపోయినా, ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాను.