తాత గొంతు

పోలీసు చర్యకు రెండేళ్ల ముందు, నా తొమ్మిదో ఏట, మా తాత రాజనర్సు పోయిన మూడో రోజున నాలోకి వచ్చాడు. అని సిద్దిపేటలో మా మగ్గాల వాడంతా నమ్మింది.

అంతకు ఏడాది ముందు నుంచే నాకు కళ్లు టపటపా కొట్టుకునేవి. భుజం దానంతటదే ఎగిరేది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు పిట్టకు పెట్టి, విస్తరి దగ్గర అందరం గంటసేపు నిలబడ్డాం. కాకి ముట్టలేదు. తాతకు తీరని కోరికేదో ఉందని పెద్దలు గుసగుసలాడుతుంటే, నా గొంతులో చీమ పాకినట్టయింది. ఆపుకున్నాను. ఆపేకొద్దీ ఎక్కువైంది. చివరికి ‘హుక్కుమ్’ అనేశాను. మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు తాత చేసే చప్పుడు, అచ్చం అదే.

అప్పుడే వాలింది, దిక్కుమాలిన కాకి!

ఇక అందరూ నా మొహమే చూడసాగారు. చూసేకొద్దీ ఆ చప్పుడు పెరిగింది. మగ్గానికి నూలు కండెలు చుట్టేటప్పుడు మాత్రం ఆగేది, అది ఎవరికి కావాలి? మా బాపు ధూళిమిట్ట నుంచి మంత్రగాడు సారయ్యను తెచ్చాడు. మిరపకాయల పొగ పెడితే తాత పోతాడన్నాడతను.

“తాత కాదు బాపూ, నేనే!” అని ఏడ్చాను. భయానికి మాట మాటకూ హుక్కుమ్, హుక్కుమ్.

నాయనమ్మ కనకవ్వ వచ్చి నిప్పుల కుండను తన్నేసింది. “నలభై ఏండ్ల సంసారం. నన్ను ఇడిచి ఉండలేక మల్లొచ్చిండు. గాయన్ని ఎల్లగొడ్తరా?”

అలా బతికిపోయాను. కానీ రోజూ మధ్యాహ్నం నన్ను తాత పీట మీద కూర్చోబెట్టి, నెత్తిన కొంగు కప్పుకుని వడ్డించేది. “ఏమయ్యా, ఉప్పు సరిపోయిందా?” అనేది. నాకు ఒళ్లు గగుర్పొడిచేది. గొంతు హుక్కుమనేది. ఆమె నవ్వేది.

దీన్ని టిక్స్ అంటారనీ, నరాలకు సంబంధించినదనీ, కొన్ని కుటుంబాల్లో తరతరాలకూ వస్తుందనీ, భయపెడితే పెరిగి, ఒక్కోసారి దానంతటదే తగ్గుతుందనీ ముప్పై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక డాక్టర్ చెప్పాడు. తాతదీ అదే అయ్యుంటుంది.

అప్పట్లో నాలుగు నెలలకే నాకు తగ్గిపోయింది. ఆ మధ్యాహ్నం నాయనమ్మ ఉప్పు సంగతి అడిగింది. హుక్కుమ్ రాలేదు. మళ్లీ అడిగింది. గరిటె కింద పెట్టింది.

“పోయినవా?” అంది.

గొంతులో దురద లేదు, ఏమీ లేదు. తల వంచుకుని, కావాలనే, ‘హుక్కుమ్’ అన్నాను.

ఆమె పోయేదాకా, ఆరేళ్లు, రోజూ అన్నాను. అందులో ఎన్ని నేను అన్నవో, ఎన్ని వాటంతటవే వచ్చినవో నాకే తెలియదు.