వెనక్కి నడిచిన ఎర్రకారు

మా అల్లుడు వడ్రంగి. చేతిలో ఉలి ఉంటే మాట తక్కువ, ఉలి లేకపోతే అసలే లేదు. నేనా, నిద్రలో కూడా మాట్లాడతానని మా అమ్మాయి అంటుంది. ఇలాంటి మా ఇద్దరికీ మధ్య వారధి మనవరాలు. అయిదేళ్లది. మాటలొచ్చిన రోజు నుంచీ కిచకిచలాడుతూనే ఉంటుంది కనక పిచ్చుక అంటాం.

ఆ పిచ్చుక పాదానికి ఆపరేషనయింది. ఆరు వారాలు కాలు నేల మోపకూడదన్నాడు డాక్టరు. మొదటి వారం ఏడ్చింది. రెండో వారం అలిగింది. మూడో వారం నోరే మూసుకుంది. కిటికీలోంచి వీధిలో పిల్లల్ని చూడటం, నేను ముద్ద పెట్టబోతే తల తిప్పుకోవటం, అంతే. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం నాకొచ్చు గానీ, ఏడవని పిల్లను ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

ఎదురింటి కాంపౌండరు తన పిల్లలు ఎక్కి వదిలేసిన బొమ్మకారు తెచ్చి ఇచ్చాడు. ఎర్రది. అందులో కూర్చుని చేతిదగ్గర మీట నొక్కితే చాలు, మెల్లగా నడుస్తుంది, కాలితో పనే లేదు. తీరా చూస్తే బ్యాటరీ ఉబ్బి చచ్చి ఉంది. అలాంటిది ఏ కొట్లోనూ దొరకలేదు.

అల్లుడు కారును చూశాడు. గోడకు వేలాడుతున్న తన డ్రిల్లును చూశాడు. దాని పిడి కింద ఉంది బ్యాటరీ.

"వద్దండీ," అంది అమ్మాయి. "అది కాస్తా పాడైతే రేపు పనికేం పట్టుకెళ్తారు? గోళ్లతో తొలుస్తారా?"

"పాడవదులే."

ఆ రోజుకు అమ్మాయితో అతని మాటల కోటా అంతే.

కారు మీదా డ్రిల్లు మీదా ఉన్న వోల్టుల అంకె ఒకటేనని నాచేత కూడా చదివించి చూసుకున్నాడు. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన దాన్ని, అంకెలు నాకు బాగానే వచ్చు. తర్వాత ఒక చెక్కదిమ్మకు, డ్రిల్లులో దూరినట్టే బ్యాటరీ దూరేలా గాడి తీశాడు. లోపల ఇత్తడి రేకులు ఎక్కడుండాలో తెలియడానికి, బ్యాటరీలో కరెంటు వచ్చే బిళ్లలకు పెన్సిలు పొడి పూసి పల్చటి కాగితం మీద అద్దాడు. ఒక మచ్చ పక్కన కూడిక గుర్తు, ఇంకో మచ్చ పక్కన తీసివేత గుర్తు గీశాడు. చెయ్యి తగిలి చెరిగిపోతాయని గుర్తులున్న వైపు లోపలికి పెట్టి దిమ్మకు అంటించాడు. ఇవతలికి కనిపిస్తూనే ఉన్నాయి కదా! ఆ చోట్ల రేకులు బిగించి, కూడిక దగ్గర ఎర్ర తీగ, రెండో దానికి నల్ల తీగ కలిపాడు. ఎర్ర తీగ మధ్యలో ఫ్యూజు.

"ఇదెందుకు బాబూ?"

"ఏదైనా తేడా వస్తే ముందు ఇది పోతుందత్తయ్యా. మనం ఉంటాం."

పిల్లను ఎత్తి కార్లో కూర్చోబెట్టాడు. మొహం ముడుచుకునే మీట నొక్కింది. కారు కదిలింది. ముందుకు కాదు, వెనక్కి! అమ్మాయి కెవ్వుమంది. కారు వెళ్లి వెళ్లి నా కుట్టు స్టూలుకు ఆనుకుని ఆగింది. అల్లుడి మొహం పాలిపోయింది.

అప్పుడు పిచ్చుక నవ్వింది. మూడు వారాల నవ్వంతా ఒక్కసారే.

"అమ్మమ్మా, కారు కూడా అలిగింది! చెప్పినమాట వినట్లేదు!"

నాకు కళ్లు మసకబారాయి. అయినా దిమ్మ తీసుకుని చూశాను.

"బాబూ, నీ కాగితం బోర్లా పడింది. కుడిది ఎడమైంది, కూడిక కాస్తా తీసివేతయింది. ఓసారి నేనూ ఇలాగే మీ మామయ్య చొక్కాకి రెండూ కుడిచేతులే కత్తిరించాను."

"మరి ఆయనేం చేశారత్తయ్యా?"

"తొడుక్కున్నారు. ఎడమచెయ్యి ఎత్తినప్పుడల్లా నన్ను తలుచుకునేవారు."

అల్లుడు పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వగలడని నాకు ఆ రోజే తెలిసింది. తీగలు మార్చి బిగించాడు. కారు బుద్ధిగా ముందుకు నడిచి వీధిలోకి వెళ్లింది. పిల్లలు చుట్టూ మూగారు. మా పిచ్చుక కిచకిచలు ఇంట్లోకి వినిపించాయి.

ఆ మిగిలిన మూడు వారాలూ అతను పని నుంచి రాగానే, చొక్కాకున్న రంపప్పొట్టైనా దులుపుకోకుండా డ్రిల్లు బ్యాటరీ తీసి కారుకు పెట్టేవాడు. కారు మందగించగానే "చాలు" అనడం నా ఉద్యోగం. మొత్తం పీల్చేస్తే బ్యాటరీ చస్తుందట. రాత్రంతా చార్జింగు ఎక్కి పొద్దున అది డ్రిల్లు తిప్పాలి కదా. ఒక్క రోజూ తిప్పకుండా ఉండలేదు.

కాలు బాగైంది. దిమ్మ మీద కాగితం గీకేస్తానంటే అల్లుణ్ణి గీకనివ్వలేదు. అది బోర్లా పడబట్టే నా పిల్ల నవ్వింది.