తలుపు మీద లేని పేర్లు

లియెన్ పటమటకు కాపురానికొచ్చి ఐదు నెలలయింది. కాపురమంటే ఇద్దరుండాలి గదా! ఆమె భర్త తువాన్ రొయ్యల చెరువుల పనిలో ఆరితేరినవాడు. వియత్నాం నుంచి అతన్ని ఇక్కడి మేత కంపెనీ ఒకటి రెండేళ్ళ ఒప్పందం మీద రప్పించుకుంది. చెరువులేమో చల్లపల్లి అవతల, ఫ్లాటేమో బెజవాడలో. మేడంగారికి సిటీ అయితే బాగుంటుందని కంపెనీవాళ్ళే తేల్చేశారు. మేడంగారిని ఒక్కమాట అడిగినవాడు లేడు. తువాన్ సోమవారం తెల్లారకముందే వెళ్ళి శనివారం సాయంత్రం వచ్చేవాడు. ఆదివారం సగం నిద్రలోనే గడిచిపోయేది. మిగతా వారమంతా ఆ నాలుగో అంతస్తులో లియెన్, ఫ్రిజ్ చప్పుడు.

మొదటి నెల ఇలా లేదు. వియత్నాం అమ్మాయి దిగిందని తెలిసేసరికి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళకు కాళ్ళు నిలవలేదు. ఒకరు పులిహోర, ఒకరు సున్నుండలు, ఒకరు గోంగూర పచ్చడి, తలా ఒక గిన్నె పట్టుకుని వచ్చారు. ఎదురు ఫ్లాట్ సుబ్బరత్నం రొయ్యల ఇగురు తెచ్చింది. ఆవిడ పుట్టిల్లు సముద్రపు ఒడ్డున. భర్త జక్కయ్యది చేపల వ్యాపారం. ఆ ఇగురు కారానికి లియెన్‌కు కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారాయి. అయినా గిన్నె ఊడ్చి తినేసింది. అది చూసి సుబ్బరత్నం పొంగిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి వచ్చి సోఫాలో కాళ్ళు మడుచుకు కూర్చుని, తెలుగులో తన ధోరణిలో తాను మాట్లాడుకుపోయేది. లియెన్ తల ఊపేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ అరగంట కోసమే ఆమె రోజంతా ఎదురుచూసేది.

కొంప ముంచింది కంపెనీవాళ్ళు విమానమెక్కే ముందు చేతిలో పెట్టిన చిన్న పుస్తకం. భారతీయులు ఇచ్చినదేదీ తిరిగి ఇవ్వరాదు, అవమానంగా భావిస్తారు అని అందులో రాసి ఉంది. ఏ మహానుభావుడు రాశాడో, ఏ ఇంట్లో ఏం తిని రాశాడో! నిజానికి లియెన్ ఊళ్ళోనూ పక్కింటి గిన్నె మర్నాటికల్లా పక్కింటికి చేరాల్సిందే. ఇక్కడ పద్ధతి వేరు కాబోలు అనుకుంది. వచ్చిన పదకొండు గిన్నెలనూ కడిగి తుడిచి వంటింటి అరలో వరసగా పెట్టుకుంది. వాటి అంచుల మీద చుక్కలు చుక్కలుగా ఏవో గీతలుంటే అలంకారం అనుకుంది.

కింద మెట్ల దగ్గర ఈలోగా పంచాయితీ మొదలైంది. "పోన్లెండి, స్టీలు గిన్నేగా" అని అందరూ అనేవాళ్ళే. ప్రాణం మాత్రం ఆ గిన్నెలోనే కొట్టుకునేది. పెట్టిన చేత్తోనే గిన్నె ఇవ్వమని అడగడమంటే వాళ్ళకు తల కొట్టేసినట్టుంటుంది. అడగలేరు, ఊరుకోలేరు. అందుకని రావడం మానేశారు. అందరికంటే ఆఖరున మానేసింది సుబ్బరత్నం. చివరి రెండుసార్లూ వంటింటి అర వంక చూసి, ఏదో అనబోయి, లేచి వెళ్ళిపోయింది.

తానేం తప్పు చేసిందో తెలియక లియెన్ కుమిలిపోయింది. తన వంట వాసన పడటం లేదేమోనని కిటికీలు మూసుకుని వండింది. నాలుగు గంటలకు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఎదురింటి గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించింది. గడియ తీసిన చప్పుడు వినపడేది, చెప్పుల చప్పుడు లిఫ్టు వైపు పోయేది.

ఒక మంగళవారం పాలగిన్నె మాడిపోయింది. కొత్తది కొనడానికి వీధి చివర స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన బిల్లు రాస్తూ, "పేరు కొట్టమంటారా మేడం? ఫ్రీయే" అన్నాడు. ఆమె తెల్లమొహం వేసింది. "నేమ్, మీ నేమ్" అన్నాడు. చెప్పింది. మిషన్ జుయ్యిమంది. గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా మూడక్షరాలు పడ్డాయి. లియెన్‌కు భలే సంతోషమేసింది. ఈ దేశంలో ఆమె పేరు ఎక్కడా లేదు, ఫ్లాట్ తలుపు మీద కూడా తువాన్ పేరే. మరు నిమిషంలో ఆ చుక్కలను ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది.

"వై నేమ్?" అంది గిన్నె అంచు చూపించి.

"పక్కింటికి కూరేసి పంపిస్తాం కదండీ. గిన్నె మళ్ళీ రిటర్న్ రావాలిగా!" అని నవ్వాడాయన. రిటర్న్ అన్న ఒక్క మాట చాలింది ఆమెకు.

ఇంటికొచ్చి పదకొండు గిన్నెలూ నేల మీద పరిచింది. ఆ అక్షరాలను కాగితం మీద దించుకుని, తలుపుల మీది బోర్డులతో పోల్చి చూడబోయింది. ఒక్కటీ కలవలేదు. కలవవు మరి! మన ఇళ్ళలో తలుపు మీద మగవాళ్ళ పేరుంటుంది, గిన్నె మీద ఆడవాళ్ళ పేరుంటుంది. వాచ్‌మన్ భార్య రూతును పిలుచుకొచ్చింది. రూతు ఆ గిన్నెలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో మేడం, అన్నీ మీ దగ్గరే ఉండిపోయాయా! ఖాళీగా ఇవ్వకూడదండీ. తలా కాస్త పంచదారేసి ఇద్దాం, పదండి."

ఇద్దరూ తలుపు తలుపుకూ తిరిగారు. "అయ్యో, ఇప్పుడు దీనికేం తొందరండీ", "మేమేమన్నా అడిగామా" అంటూనే రెండు చేతులా అందుకున్నారు. చివరి గిన్నె మీది పేరు అంకాలమ్మ అని చదివింది రూతు. ఆ పేరు గలవాళ్ళెవరూ అక్కడ లేరు. లియెన్‌కు మాత్రం అది ఎవరు తెచ్చిందో తెలుసు.

సుబ్బరత్నం దాన్ని చూసి గడపలోనే నిలబడిపోయింది. కొంగుతో అంచు తుడిచింది.

"మా అమ్మదండీ. మొన్న పదహారో తారీఖున ఆవిడ సంవత్సరీకం. ఆవిడ గిన్నెలోనే వండి పెట్టుకుందామనుకున్నాను."

"మరి అడక్కపోయారా అమ్మగారూ?" అంది రూతు.

"పెట్టిన గిన్నె ఎలా అడుగుతామే? మంచి గిన్నె కదా, పరాయి దేశపు పిల్లకి ఇందులో పెడదామని నేనే తీశాను." తర్వాత లియెన్ వైపు చూడకుండా, "పర్లేదండీ" అని తలుపు వేసుకుంది.

రూతు మెట్ల మీద వచ్చీరాని ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. లియెన్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం తువాన్‌కు ఫోన్లో చెప్పబోయింది. అతను సగం విని, చెరువులో గాలి అందక రొయ్యలు పైకి తేలుతున్నాయంటూ గట్టు మీదికి పరుగెత్తాడు.

బుధ, గురువారాలు గడిచాయి. కింద కనపడ్డవాళ్ళంతా ఇప్పుడు నవ్వుతూ పలకరిస్తున్నారు. నాలుగు గంటలకు మాత్రం ఎవరూ రాలేదు. శుక్రవారం ఆమె ఏదైనా వండి పట్టుకెళ్దామనుకుని ఆగిపోయింది. మళ్ళీ ఒక గిన్నె ఇవ్వడం, మళ్ళీ అది తిరిగి రావడం, అంతటితో సరి. ఒట్టి చేతులతో వెళ్ళి ఎదురింటి బెల్లు కొట్టింది. ఇన్ని నెలల్లో ఏ పనీ లేకుండా ఆ బెల్లు కొట్టడం ఇదే మొదలు.

సుబ్బరత్నం తలుపు తీసి ముందు ఆమె చేతుల వంక చూసింది. "ఏంటండీ?"

పొద్దున రూతు చేత నేర్పించుకున్న నాలుగు తెలుగు మాటల్లో లియెన్‌కు ఒక్కటే గుర్తొచ్చింది. "ఊరికే, ఆంటీ" అంది.

సుబ్బరత్నం తలుపు బార్లా తీసి, "రండి" అంది.

హాల్లో గోడకు దండ వేసిన ముసలావిడ ఫొటో ఉంది. తమ ఊళ్ళో పెద్దల పటానికి మొక్కినట్టే లియెన్ చేతులు జోడించి మూడుసార్లు తల వంచింది. సుబ్బరత్నం ఏమనుకుందో, ఎదురుగా కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. తల్లి గురించి, తన ఊరి గురించి, ఎప్పటిదో తుఫాను గురించి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి అదే పాత ధోరణి. ఎన్నాళ్ళుగానో వినని ఆ గొంతు వినేసరికి లియెన్‌కు దుఃఖం ఆగలేదు. ఎవరూ తనతో మాట్లాడని రోజులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

సుబ్బరత్నం గాభరాపడింది. చూడనైనా చూడని తన తల్లి కోసం ఈ పిల్ల ఇంతలా ఏడుస్తోందనుకుంది. లేచి పక్కన చేరి వీపు నిమిరింది.

"ఊరుకో తల్లీ. ఎనభై ఏళ్ళు బతికింది మా అమ్మ. ఒక్కరోజూ మంచాన పడలేదు, దాటిపోయింది. ఊరుకో."

అందులో లియెన్‌కు తెలిసింది అమ్మ అన్న మాట ఒక్కటే. ఆంటీ పొరపడిందని మాత్రం అర్థమవుతూనే ఉంది. తన ఏడుపు తన కోసమేనని చెప్పడానికి ఆమెకు తెలుగు రాదు. వచ్చినా చెప్పేది కాదు. చెబితే ఆ చెయ్యి వీపు మీంచి తీసేస్తుందేమోనని భయం. అవునన్నట్టు తల ఊపి ఇంకాస్త ఏడ్చింది.